సున్నా, ఒకటి చూసే కన్ను: తక్కువ ఖర్చులో లాజిక్ అనలైజర్ ఎంపిక

డిజిటల్ సర్క్యూట్‌లోని తీగల మీద వోల్టేజీ ఏ క్షణాన పైకి లేచింది, ఏ క్షణాన కిందికి దిగింది అన్నది వరుసగా నమోదు చేసి, కాలం వెంట సాగే గీతలుగా చూపించే పరికరమే లాజిక్ అనలైజర్. మల్టీమీటర్‌తో చూస్తే ఒక తీగ మీద ఉన్న వోల్టేజీ తెలుస్తుంది. అదే వోల్టేజీ సెకనుకు వేలసార్లు మారుతుంటే మీటరు సగటు మాత్రమే చెప్పగలదు. రెండు చిప్పులు మాట్లాడుకుంటున్న తీగ మీద మీటరు పెడితే రెండున్నర వోల్టులనో మూడు వోల్టులనో చూపిస్తుంది. అవి ఏం మాట్లాడుకున్నాయో దానికి తెలియదు. ఆ మాటలను అక్షరం అక్షరంగా చదవడమే లాజిక్ అనలైజర్ పని.

జకార్డ్ మగ్గం ఎరిగినవాళ్లకు ఈ సంగతి చప్పున అర్థమవుతుంది. 1804లో జోసెఫ్ మేరీ జకార్డ్ రూపొందించిన పద్ధతిలో అట్టకు రంధ్రం ఉన్నచోట పడుగు పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. అట్టల వరుసను చూస్తే బట్ట మీద ఏ పువ్వు పడుతుందో ముందే తెలుస్తుంది. డిజిటల్ తీగ మీద కూడా రెండే స్థితులు: ఉంది లేదా లేదు, అంటే ఒకటి లేదా సున్నా. అట్ట చేతిలో పట్టుకుని చూడగలిగేది. తీగలో సాగే వరుస మాత్రం కంటికి కనిపించదు, అనలైజర్ దాన్ని తెర మీదికి తెచ్చి చూపిస్తుంది.

1973లో హ్యూలెట్-ప్యాకార్డ్ సంస్థ 5000ఎ పేరుతో లాజిక్ అనలైజర్‌ను తెచ్చినప్పుడు అలాంటి పరికరం పెద్ద ప్రయోగశాలలకే అందుబాటులో ఉండేది. ఇప్పుడు అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్దదైన డబ్బా, ఒక యూఎస్‌బీ తీగ, ఒక పాత లాప్‌టాప్ ఉంటే సరిపోతుంది. ధర కూడా వెయ్యి రూపాయల దగ్గర మొదలవుతుంది. అయితే వెయ్యికీ ఉంది, యాభై వేలకూ ఉంది కాబట్టే ఏది కొనాలన్న ప్రశ్న వస్తుంది. డబ్బా మీద రాసిన పెద్ద అంకెను చూసి ఎంచుకోకూడదు. చదవాల్సిన సంకేతం ఎంత వేగంగా మారుతుంది, ఎంతసేపు చూడాలి, ఎన్ని వోల్టులు అన్న మూడు ప్రశ్నలకు జవాబు దొరికితే పరికరం దానంతటదే తేలుతుంది.

సూరత్‌లో ఈ పరికరం ఎందుకు

ఆ ప్రశ్నలకు ముందు, ఈ పరికరం పనికొచ్చే ఒక ఊరిని చూద్దాం. తాపీ నది ఒడ్డున ఉన్న సూరత్ సింథటిక్ బట్టకు దేశంలోనే పెద్ద కేంద్రం. సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్ ప్రాంతాల నుంచి పద్మశాలి కుటుంబాలు తరాలుగా ఇక్కడికి వలస వచ్చి సాంచాలు (మరమగ్గాలు) నడుపుతున్నాయి. లింబాయత్ లాంటి పేటల్లో తెలుగు వీధిమాటగా వినిపిస్తుంది. నగరపాలక సంస్థ నడిపే బడుల్లో తెలుగు మాధ్యమం కూడా ఉంది. ఆ ఇళ్ల పిల్లల్లో ఐటీఐలోనో డిప్లొమాలోనో ఎలక్ట్రానిక్స్ చదివేవాళ్లకు, ఆర్డుయినో బోర్డుతో ప్రయోగాలు చేసేవాళ్లకు పాఠ్యపుస్తకం బయట కూడా పెద్ద పాఠశాల ఉంది. అది వాళ్ల పెద్దలు పనిచేసే కార్ఖానా.

ఒకప్పటి సాంచాలో అన్నీ ఇనుప భాగాలే. ఇప్పటి రేపియర్, వాటర్‌జెట్ మగ్గాల మీద, కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషన్ల మీద బోర్డులు, సెన్సర్లు నిండి ఉంటాయి. మగ్గం ఇరుసు ఎంత తిరిగిందో ఎన్‌కోడర్ చెబుతుంది. పేక పోగు వచ్చిందో తెగిందో ఫీలర్ చూస్తుంది. ఎలక్ట్రానిక్ జకార్డ్‌లో అట్టల బదులు మెమరీలోని డిజైన్ వరుసగా కదిలి విద్యుదయస్కాంతాలకు చేరుతుంది. వీటిలో ఏ ఒక్కటి తడబడినా బట్ట మీద తప్పు పడుతుంది. ఇంట్లో బల్ల మీద నేర్చుకున్న విద్య ఆ బోర్డుల ముందు నేరుగా ఉపయోగపడుతుంది. అందుకే ఈ ఊళ్లో లాజిక్ అనలైజర్‌ను వట్టి ఆటవస్తువుగా చూడకూడదు. అది చేతికి పని నేర్పే పనిముట్టు.

మొదటి ప్రశ్న: ఎంత వేగం

అనలైజర్ తీగను ఎడతెగకుండా చూడదు. నిర్ణీత వ్యవధికోసారి చూసి ఒకటో సున్నానో రాసుకుంటుంది. అలా చూసిన ప్రతిసారీ ఒక శాంపిల్. సెకనుకు 2.4 కోట్ల శాంపిళ్లు తీసే పరికరాన్ని 24 మెగాహెర్ట్జ్ పరికరం అని అమ్ముతారు. దాని ఒక్కో చూపుకూ మరో చూపుకూ మధ్య దాదాపు 42 నానోసెకన్లు. ఆ సందులో వచ్చి పోయినది దానికి కనిపించదు.

సంకేతం వేగానికి కనీసం నాలుగు రెట్లు, వీలైతే పది రెట్లు శాంపిళ్లు ఉండాలన్నది పనికొచ్చే లెక్క. ఇంట్లో ప్రయోగాలు చేసేవాళ్లకు ఎదురయ్యే సంకేతాలను ఈ లెక్కలో పెట్టి చూస్తే భయం తగ్గుతుంది. సీరియల్ పోర్టు 9600 బాడ్‌తో నడిస్తే ఒక్కో బిట్టు 104 మైక్రోసెకన్లు ఉంటుంది. 24 మెగాహెర్ట్జ్ పరికరం ఆ ఒక్క బిట్టులోనే 2500 సార్లు చూస్తుంది. 115200 బాడ్ అయినా ఒక బిట్టుకు 200కు పైగా శాంపిళ్లు వస్తాయి. సెన్సర్లు, డిస్‌ప్లేలు వాడే ఐటూసీ తీగ 100 లేదా 400 కిలోహెర్ట్జ్‌తో నడుస్తుంది. 400కు కూడా 60 రెట్లు దొరుకుతుంది. ఆర్డుయినో ఊనోలో చిప్పులను కలిపే ఎస్పీఐ తీగ మామూలుగా 4 మెగాహెర్ట్జ్. దానికి ఆరు రెట్లు వస్తుంది, అది చాలు. రంగులు మారే డబ్ల్యూఎస్2812 ఎల్‌ఈడీ పట్టీలో సున్నాకు 0.4, ఒకటికి 0.8 మైక్రోసెకన్ల పాటు వోల్టేజీ పైన ఉంటుంది. 24 మెగాహెర్ట్జ్‌లో అవి సుమారు 10 శాంపిళ్లుగా, 19 శాంపిళ్లుగా విడివిడిగా తెలిసిపోతాయి.

చవక పరికరం చేతులెత్తేసే చోట్లూ ఉన్నాయి. ఈఎస్‌పీ32 బోర్డు రంగుల తెరకు ఎస్పీఐ ద్వారా 40 మెగాహెర్ట్జ్‌తో బొమ్మలు పంపుతుంటే, మెమరీ కార్డు 25 మెగాహెర్ట్జ్‌తో నడుస్తుంటే 24 మెగాహెర్ట్జ్ పరికరం చూపే గీతను నమ్మకూడదు. అప్పుడు కూడా ఒక ఉపాయం ఉంది. ప్రోగ్రామ్‌లో క్లాక్‌ను తాత్కాలికంగా 1 మెగాహెర్ట్జ్‌కు తగ్గించి, ఆదేశాలు సరిగా వెళ్తున్నాయో లేదో చూసుకుని, తర్వాత మళ్లీ పెంచుకోవచ్చు. తప్పు ఆదేశంలో ఉంటే అది నెమ్మదిగా నడిపినప్పుడూ దొరుకుతుంది.

రెండో ప్రశ్న: ఎంతసేపు

కొనేవాళ్లు ఎక్కువగా మరిచిపోయే ప్రశ్న ఇది. శాంపిళ్లు ఎక్కడ నిల్వ అవుతాయన్న దాన్ని బట్టి అనలైజర్లు రెండు రకాలు. ఒక రకం తీసిన శాంపిల్‌ను తీసినట్టే యూఎస్‌బీ ద్వారా కంప్యూటర్‌కు పంపేస్తుంది. రెండో రకం తన సొంత మెమరీలో నింపుకుని, నిండాక పంపుతుంది.

మొదటి రకం వేగానికి యూఎస్‌బీ హద్దు. కానీ కంప్యూటర్ మెమరీ ఉన్నంతసేపు నమోదు సాగుతుంది. ఎనిమిది చానళ్లకు శాంపిల్‌కు ఒక బైట్ చొప్పున, 24 మెగాహెర్ట్జ్‌లో పది సెకన్లకు 240 మెగాబైట్లు అవుతుంది. 1 మెగాహెర్ట్జ్‌కు తగ్గిస్తే అంతే చోటులో నాలుగు నిమిషాలు పడుతుంది. రెండో రకం యూఎస్‌బీని మించిన వేగంతో చూడగలదు. కాకపోతే మెమరీ నిండగానే ఆగిపోతుంది. 264 కిలోబైట్ల మెమరీ ఉన్న చిప్పు 100 మెగాహెర్ట్జ్‌తో ఎనిమిది చానళ్లు చూస్తే మూడు మిల్లీసెకన్లలోపే నిండిపోతుంది.

ఈ తేడా మగ్గం దగ్గర ఎలా పనిచేస్తుందో చూడాలి. ఒక మగ్గం నిమిషానికి 180 పిక్కులు (పేక పోగులు) కొడుతోందనుకుంటే ఇరుసు సెకనుకు మూడు చుట్లు తిరుగుతుంది. చుట్టుకు వెయ్యి పల్సులిచ్చే ఎన్‌కోడర్ ఉంటే ఒక్కో తీగ మీద సెకనుకు 3000 పల్సులు వస్తాయి. ఎన్‌కోడర్‌కు ఎ, బి అని రెండు తీగలుంటాయి. వాటి పల్సులు పావు వంతు తేడాతో నడుస్తాయి కాబట్టి ఏది ముందు వచ్చిందో చూసి ఇరుసు ఎటు తిరుగుతోందో తెలుసుకోవచ్చు. తెర మీద ఆ రెండు గీతలు ఒకదాని వెంట ఒకటి మెట్లు ఎక్కుతున్నట్టు సమంగా సాగాలి.

డిజైన్ అప్పుడప్పుడూ ఒక పిక్కు పక్కకు జరుగుతోందనుకుందాం. గంటలో ఒకటి రెండుసార్లే జరిగే తప్పు అది. బోర్డు మంచిదే, ఎన్‌కోడర్ మంచిదే అయినా మోటారు తీగ పక్కనే ఎన్‌కోడర్ తీగ వెళ్తే, మోటారు మొదలైనప్పుడో ఆగినప్పుడో ఒకటి రెండు మైక్రోసెకన్ల సన్నని ముల్లు లాంటి పల్సు అందులో చొరబడవచ్చు. కంట్రోలర్ దాన్ని కూడా లెక్కేస్తే లెక్క తప్పుతుంది. మల్టీమీటర్‌లో ఇది ఎన్నటికీ కనిపించదు. మూడు మిల్లీసెకన్లు మాత్రమే చూసే పరికరం ఎంత వేగమైనదైనా ఈ ముల్లు వచ్చే క్షణాన్ని పట్టుకోవడం కష్టం. 4 మెగాహెర్ట్జ్‌లో నిమిషాల తరబడి నమోదు చేసే చవక డబ్బా పట్టుకుంటుంది. ఎన్‌కోడర్ 3 కిలోహెర్ట్జ్‌దే కదా అని శాంపిళ్లను 30 కిలోహెర్ట్జ్‌కు తగ్గించినా ముల్లు తప్పించుకుపోతుంది. మంచి సంకేతం వేగాన్ని బట్టే కాక, వెతుకుతున్న తప్పు ఎంత సన్ననిదో చూసి కూడా వేగం నిర్ణయించాలి. ముల్లు దొరికాక మందు తేలికే: షీల్డు ఉన్న కేబుల్ వేసి, దాన్ని మోటారు తీగకు దూరంగా లాగి, షీల్డును ఒక చివర గ్రౌండ్ చేయాలి.

మూడో ప్రశ్న: ఎన్ని వోల్టులు

చవక అనలైజర్లు 3.3, 5 వోల్టుల సంకేతాలకు తయారైనవి. మామూలుగా 0.8 వోల్టు కన్నా తక్కువైతే సున్నా, 2 వోల్టులు దాటితే ఒకటి అని చదువుతాయి. 5.25 వోల్టులు మించకూడదు. 1.8 వోల్టులతో నడిచే కొత్త చిప్పుల దగ్గర ఇవి పనికిరావు, ఎందుకంటే ఆ సంకేతం 2 వోల్టుల గీతను ఎప్పటికీ దాటదు. అలాంటి పని ఉంటే ఆ గీతను పైకీ కిందికీ జరుపుకునే సౌకర్యమున్న పరికరం కావాలి.

సూరత్ కార్ఖానాల్లో అపాయం ఇంకో వైపు నుంచి వస్తుంది. యంత్రాల మీద ప్రాక్సిమిటీ సెన్సర్లు, చాలా ఎన్‌కోడర్లు 24 వోల్టులతో నడుస్తాయి. ఆ తీగను నేరుగా అనలైజర్‌కు కలిపితే డబ్బా క్షణంలో పోతుంది, దానితోపాటు లాప్‌టాప్ యూఎస్‌బీ పోర్టు కూడా పోవచ్చు. రెండు రెసిస్టర్లతో దీన్ని నివారించవచ్చు. సంకేతం నుంచి 10 కిలోఓమ్, అక్కడి నుంచి గ్రౌండ్‌కు 2.2 కిలోఓమ్ వేసి, రెండూ కలిసే చోటును అనలైజర్‌కు ఇస్తే 24 వోల్టులు దాదాపు 4.3 వోల్టులుగా దిగుతాయి. ఇంతకన్నా మంచి దారి పీసీ817 లాంటి ఆప్టోకప్లర్. అందులో సంకేతం వెలుగుగా మారి అవతలికి వెళ్తుంది కాబట్టి యంత్రానికీ కంప్యూటర్‌కూ మధ్య విద్యుత్ సంబంధమే ఉండదు. చాలా యంత్రాల బోర్డుల్లో ఇన్‌పుట్ దగ్గరే ఆప్టోకప్లర్లు ఉంటాయి. వాటికి ఇవతలి వైపు, అంటే 5 లేదా 3.3 వోల్టుల వైపు క్లిప్పు పెడితే కంట్రోలర్ చూస్తున్నదే అనలైజర్ కూడా చూస్తుంది.

చానళ్ల సంగతి

సీరియల్ తీగకు ఒకటి రెండు, ఐటూసీకి రెండు, ఎస్పీఐకి నాలుగు చానళ్లు చాలు. ఎన్‌కోడర్‌కు రెండు. హాబీ పనుల్లో చాలావాటికి ఎనిమిది చానళ్లు ధారాళంగా సరిపోతాయి. పాత మైక్రోప్రాసెసర్ల అడ్రస్, డేటా తీగలన్నీ ఒకేసారి చూడాలనుకునేవాళ్లకే పదహారో అంతకన్నా ఎక్కువో కావాలి. అన్ని తీగలకు అన్ని క్లిప్పులు పెట్టడం కూడా చిన్న పని కాదు.

మార్కెట్లో ఉన్న మెట్లు

మొదటి మెట్టు 24 మెగాహెర్ట్జ్, 8 చానళ్ల డబ్బా. లోపల ఉండేది సైప్రెస్ సంస్థ తయారుచేసిన ఎఫ్‌ఎక్స్2ఎల్‌పీ అనే యూఎస్‌బీ చిప్పు. సొంత మెమరీ లేదు, తీసింది తీసినట్టు కంప్యూటర్‌కు పంపేస్తుంది. ఆన్‌లైన్‌లో వెయ్యి రూపాయలకు అటూ ఇటూగా దొరుకుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఇక్కడే మొదలుపెట్టాలి. నేర్చుకునే రోజుల్లో పొరపాటున కాలిపోయినా గుండె పగలని ధర ఇది.

అదే మెట్టు మీద ఇంకో దారి రాస్‌ప్‌బెర్రీ పై పీకో. 2021 జనవరిలో 4 డాలర్ల ధరతో వచ్చిన ఈ చిన్న బోర్డులో ఉచితంగా దొరికే ఫర్మ్‌వేర్ ఎక్కిస్తే అది 100 మెగాహెర్ట్జ్ వేగంతో చూసే లాజిక్ అనలైజర్ అవుతుంది. పైన చెప్పిన 264 కిలోబైట్ల మెమరీ దీనిదే, కాబట్టి వేగంగా చూసినప్పుడు తక్కువసేపే చూస్తుంది. దీని కాళ్లు 3.3 వోల్టులకే పరిమితం. 5 వోల్టుల ఆర్డుయినోను నేరుగా కలపకూడదు, మధ్యలో లెవెల్ షిఫ్టర్ ఉండాలి.

రెండో మెట్టు డీఎస్‌లాజిక్ ప్లస్ లాంటివి. పదహారు చానళ్లు, గరిష్ఠంగా 400 మెగాహెర్ట్జ్, 256 మెగాబిట్ల సొంత మెమరీ, ఒకటికీ సున్నాకూ మధ్య గీతను జరుపుకునే వీలు ఇందులో ఉన్నాయి. 400 మెగాహెర్ట్జ్ అన్ని చానళ్లలో రాదు. చానళ్లు పెరిగేకొద్దీ వేగం తగ్గుతుంది. ఏ పరికరం కొన్నా డబ్బా మీది అంకె ఎన్ని చానళ్లకు వర్తిస్తుందో చూసుకోవాలి. ఇది పది వేల రూపాయల పైమాటే. రంగుల తెరలు, మెమరీ చిప్పులు, 1.8 వోల్టుల బోర్డులతో నిత్యం పనిచేసేవాళ్లకు ఆ ఖర్చు న్యాయమైనదే.

మూడో మెట్టు సేలియే సంస్థ తయారుచేసే లాజిక్ 8, లాజిక్ ప్రో 8 లాంటివి. డిజిటల్‌తోపాటు వోల్టేజీ ఆకారాన్ని కూడా నమోదు చేస్తాయి, సాఫ్ట్‌వేర్ చాలా సుఖంగా ఉంటుంది. ధర వందల డాలర్లలో మొదలవుతుంది కాబట్టి దీనితో జీవనోపాధి సంపాదించేవాళ్లకు, కళాశాల ప్రయోగశాలలకు తగినవి.

సాఫ్ట్‌వేర్ సగం బలం

డబ్బా గీతలను తెస్తుంది, వాటికి అర్థం చెప్పేది సాఫ్ట్‌వేర్. సిగ్రోక్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్, దాని తెర అయిన పల్స్‌వ్యూ విండోస్‌లోనూ లినక్స్‌లోనూ ఉచితంగా నడుస్తాయి. ఐటూసీ, ఎస్పీఐ, సీరియల్, మోడ్‌బస్ లాంటి వందకు పైగా భాషలను చదివి చెప్పే డీకోడర్లు అందులో ఉన్నాయి. అవి పైథాన్‌లో రాసినవి కాబట్టి ఆసక్తి ఉన్న విద్యార్థి కొత్తది కూడా రాయవచ్చు. విండోస్‌లో మొదటిసారి జాడిగ్ అనే చిన్న ప్రోగ్రామ్‌తో డ్రైవర్ మార్చుకోవాలి.

చవక డబ్బాల్లో చాలావరకు సేలియే పరికరం గుర్తింపు సంఖ్యను పెట్టి అమ్ముతారు. దాంతో ఆ సంస్థ సాఫ్ట్‌వేర్ కూడా వాటిని తనవే అనుకుంటుంది. ఆ సంస్థ తన పరికరాలు కొన్నవాళ్ల కోసం తయారుచేసిన సాఫ్ట్‌వేర్‌ను నకలు డబ్బాతో వాడటం న్యాయం కాదు. సిగ్రోక్ వాటికి తన సొంత ఫర్మ్‌వేర్ ఎక్కించుకుని నడుపుతుంది. తక్కువ ఖర్చులో నిజాయితీగా పనిచేసే దారి అదే.

ఒక తప్పు దొరికిన తీరు

పదహారు అక్షరాలు, రెండు వరుసల ఎల్‌సీడీని ఐటూసీ ద్వారా ఆర్డుయినోకు కలిపారు. వెనక వెలుగు వస్తోంది, అక్షరం మాత్రం రావడం లేదు. కొత్తవాళ్లకు తరచుగా ఎదురయ్యే సమస్య ఇది. ముందు అనలైజర్ గ్రౌండ్‌ను బోర్డు గ్రౌండ్‌కు కలపాలి. తర్వాత ఒక చానల్‌ను డేటా తీగకు, ఇంకొకదాన్ని క్లాక్ తీగకు ఇవ్వాలి. పల్స్‌వ్యూలో 4 మెగాహెర్ట్జ్ ఎంచుకుని, డేటా తీగ కిందికి దిగినప్పుడు నమోదు మొదలయ్యేలా ట్రిగ్గర్ పెట్టి, ఐటూసీ డీకోడర్ జోడించాలి.

బోర్డును రీసెట్ చేయగానే గీతలు పడతాయి. క్లాక్ పైన ఉండగా డేటా కిందికి దిగింది, అంటే సంభాషణ మొదలైంది. తర్వాతి ఏడు క్లాకుల్లో డేటా తీగ 0100111 అని చెప్పింది; హెక్సాలో అది 27. ఎనిమిదో క్లాకులో సున్నా, అంటే రాయబోతున్నానని చెప్పడం. తొమ్మిదో క్లాకులో ఆర్డుయినో తీగను వదిలేసి జవాబు కోసం చూస్తుంది. ఎదుటి చిప్పు విన్నానని చెప్పాలంటే తీగను కిందికి లాగాలి. ఇక్కడ తీగ పైనే ఉండిపోయింది. డీకోడర్ నాక్ అని చూపిస్తుంది, అంటే ఆ నంబరు ఇంట్లో ఎవరూ లేరు.

దీంతో తప్పు ఎక్కడో తేలింది. ఎల్‌సీడీ వెనక ఉండే చిప్పు రెండు రకాలు. పీసీఎఫ్8574 ఉన్న మాడ్యూల్ సాధారణంగా 27 నంబరుతోను, పీసీఎఫ్8574ఎ ఉన్నది 3ఎఫ్ నంబరుతోను వస్తాయి. ప్రోగ్రామ్‌లో 27ను 3ఎఫ్‌గా మార్చి చూస్తే తొమ్మిదో క్లాకులో తీగ కిందికి దిగుతుంది, అక్షరాలు వస్తాయి. ఎల్‌సీడీ చెడిపోయిందని కొత్తది కొనాల్సిన పని తప్పింది. ఒకవేళ గీతలే పడకపోతే తప్పు ప్రోగ్రామ్‌లోనో తీగల కలయికలోనో ఉంది. తీగలు ఎప్పుడూ కిందే ఉంటే పుల్-అప్ రెసిస్టర్లు లేవేమో చూడాలి. ఏ గీత చూసినా తర్వాత ఎక్కడ వెతకాలో చెబుతుంది.

జాగ్రత్తలు

230 వోల్టుల కరెంటు నేరుగా చేరే బోర్డు జోలికి అనలైజర్‌తో పోకూడదు. ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా కెపాసిటర్‌తో వోల్టేజీ దించే చవక బోర్డుల్లో గ్రౌండ్ అనుకున్న తీగ మీద కూడా షాక్ ఉంటుంది. యంత్రం దగ్గర పనిచేసేటప్పుడు లాప్‌టాప్ చార్జర్ తీసేసి బ్యాటరీ మీద నడపడం క్షేమం. ఏడీయూఎం4160 చిప్పుతో వచ్చే యూఎస్‌బీ ఐసొలేటర్లు 12 మెగాబిట్ల వేగానికే పరిమితం కాబట్టి 24 మెగాహెర్ట్జ్ డబ్బాకు అవి చాలవు. ఆప్టోకప్లర్‌తోనే రక్షణ చూసుకోవాలి.

క్లిప్పుల తీగలు పొట్టిగా, 10 నుంచి 20 సెంటీమీటర్ల లోపు ఉండాలి. పొడవైతే అవే యాంటెనాలై లేని పల్సులను చూపిస్తాయి. నమోదు మధ్యలో తెగిపోతుంటే యూఎస్‌బీ హబ్ తీసేసి నేరుగా లాప్‌టాప్‌కు కలపాలి, అప్పటికీ ఆగకపోతే శాంపిళ్ల వేగం తగ్గించాలి. చవక అనలైజర్ ఒకటో సున్నానో మాత్రమే చెబుతుందని, వోల్టేజీ వంకర టింకరగా ఉందా, మెల్లగా లేస్తోందా అన్నది చెప్పదని మరవకూడదు. గీతలు సరిగా ఉండి కూడా సర్క్యూట్ తప్పుతుంటే అప్పుడు ఆసిలోస్కోప్ కావాలి.

కొనే ముందు

ఆన్‌లైన్ కాకుండా చేత్తో చూసి కొనాలనుకునేవాళ్లకు సూరత్ నుంచి రైలు దూరంలో ముంబై లామింగ్టన్ రోడ్డు ఉంది. హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీ. డబ్బాతోపాటు మంచి క్లిప్పులు ఉన్నాయో లేదో చూడాలి. చాలాసార్లు వట్టి జంపర్ తీగలే ఇస్తారు, సన్నని ఐసీ కాళ్లకు అవి నిలవవు. డబ్బా మీద మిగిల్చిన డబ్బుతో మంచి క్లిప్పుల జత, కొన్ని ఆప్టోకప్లర్లు, రెసిస్టర్లు కొనడం తెలివైన పని.

ఆర్డుయినో, సెన్సర్లు, ఎల్‌ఈడీ పట్టీలు, మగ్గం ఎన్‌కోడర్లు చూసేవాళ్లకు 24 మెగాహెర్ట్జ్, 8 చానళ్ల డబ్బా, పల్స్‌వ్యూ చాలు. అప్పుడప్పుడూ వేగమైన సంకేతాన్ని కాసేపు చూడాల్సివస్తే పీకో బోర్డును తోడు చేసుకోవచ్చు. సంకేతం ఆరు మెగాహెర్ట్జ్ దాటడం, వోల్టేజీ 2 కన్నా తక్కువ కావడం, ఎనిమిది చానళ్లు చాలకపోవడం – ఈ మూడింటిలో ఒకటి పనిలో పదేపదే ఎదురైనప్పుడే రెండో మెట్టుకు వెళ్లాలి. అప్పటికి ఏ పరికరం కావాలో కొనేవాళ్లకే స్పష్టంగా తెలిసి ఉంటుంది.